ఏసీలకు మంచు – ఆదివారం మెకానిక్ వస్తున్నారు

అందరికీ నమస్కారం.

ఏసీలో మంచు గడ్డకడుతోందని చాలామంది అడుగుతున్నారు. మన నల్గొండ దుమ్ము సంగతి తెలిసిందే. ఫిల్టర్ మూసుకుపోతే గాలి ఆడదు. కాయిల్ (లోపల గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) సున్నా డిగ్రీల కిందికి చల్లబడి, దానిమీది తేమ మంచవుతుంది. గ్యాస్ తగ్గినా ఇంతే.

మంచు కనిపిస్తే కూలింగ్ ఆపి, కరిగేదాకా ఫ్యాన్ మోడ్‌లో ఉంచండి. స్క్రూడ్రైవర్‌తో గీకకండి, గొట్టానికి చిల్లు పడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది!

ఆదివారం ఉదయం 10 గంటలకు క్లాక్ టవర్ దగ్గరి మెకానిక్ వస్తారు. కావలసినవారు శనివారం రాత్రిలోగా ఫ్లాట్ నంబర్ ఇక్కడ పెట్టండి. ఈలోగా ఫిల్టర్ కడిగి నీడన ఆరబెట్టుకోండి, సగం ఇళ్లకు అదే సరిపోవచ్చు.

గ్యాస్ నింపాలంటే ముందు లీకు చూపించమనండి. వాడకంతో అయిపోవడానికి అది వంట సిలిండర్ కాదు.