పుస్తకం రెండో పేజీలో ఉన్నవాళ్ల గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం పుస్తక పరిచయాల పేజీ నేను మానకుండా చదువుతాను. కొత్త పుస్తకం వచ్చిందని నాకు మొదట తెలిసేది అక్కడే. అయితే ప్రతి పరిచయం ఒకే తీరుగా ముగుస్తుంది: పేజీలు ఇన్ని, వెల ఇంత, ప్రతులకు ఫలానా నంబరు. రచయిత గురించి రాస్తారు, ముందుమాట రాసిన పెద్దాయన పేరు వేస్తారు, ఆవిష్కరణ సభ ఫోటో వేస్తే వేదిక మీద కూర్చున్నవాళ్లందరి పేర్లూ వేస్తారు. ఆ పుస్తకాన్ని అచ్చు దాకా తెచ్చినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా కనపడవు. ఈ ఉత్తరం దాని గురించే.

మా హనుమకొండలో ఒక చిన్న ప్రచురణ సంస్థ ఉంది. సంస్థ అంటే ఆఫీసు, బోర్డు లాంటివేమీ లేవు. రిటైరైన తెలుగు లెక్చరర్ ఒకాయన, సర్కారు బడిలో పనిచేసే టీచరమ్మ, డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) చేసే అమ్మాయి, పుస్తకాల కట్టలు దించాలంటే వచ్చి నిలబడే ఇద్దరు ముగ్గురు దోస్తులు. స్టాకంతా ఆ లెక్చరర్ సార్ ఇంట్లోనే, ముందు గది నిండా. జీతాలు తీసుకునేవాళ్లు లేరు, ఆ డీటీపీ అమ్మాయికి తప్ప. ఆమెకు మాత్రం పేజీకి ఇంత అని లెక్క కట్టి ముందే ఇచ్చేస్తారు, అది నాకు చాలా నచ్చిన విషయం.

వీళ్లు చేసే పని ఏమిటో చాలామందికి తెలియదు. రచయిత పాత అను ఫాంట్లలో టైపు చేయించిన ఫైలు ఇస్తాడు, దాన్ని ఇప్పుడు అన్ని కంప్యూటర్లలో పనిచేసే యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి, ఒక అక్షరం ఇంకో అక్షరమై కూర్చుంటుంది, అవన్నీ పట్టుకోవాలంటే మనిషి కూర్చుని ఒక్కో లైనూ చదవాల్సిందే. టీచరమ్మ బడి నుంచి వచ్చి, ఇంటి పని అయ్యాక, రాత్రిపూట చేసే పని అది. మా దిక్కు రచయితల కథల్లో మనుషులు మా దిక్కు మాటే మాట్లాడతారు. దాన్ని తప్పు అనుకుని దిద్దేసే ప్రూఫ్ రీడర్లున్నారు, ఈమె ఆ మాటను అట్లాగే ఉంచి, అసలైన అచ్చుతప్పును వేరు చేసి పట్టుకుంటుంది. అది చిన్న విద్య కాదు. ఇక పేజీల లెక్క సార్‌ది. ఫారం అంటే అచ్చులో ఒకేసారి పడే పెద్ద కాగితం, ఫారానికి పదహారు పేజీలు కాబట్టి ఎనిమిది ఫారాలకు 128 పేజీలు, పుస్తకం 131కి పోయిందంటే ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారం పడుతుంది, ఖర్చు పెరుగుతుంది. అప్పుడు రచయితకు కోపం రాకుండా ఎక్కడ తగ్గించాలో ఒప్పించేది ఆయనే.

డబ్బు సంగతి అడగొద్దు. పుస్తకాల షాపుకు నలభై శాతం దాకా కమిషన్ పోతుంది, అంటే 150 రూపాయల పుస్తకం అమ్ముడైతే 60 షాపుకే. పుస్తకం మీద జీఎస్టీ లేదని అందరూ అంటారు గానీ కాగితం మీద ఉంది, అది వీళ్ల మీదే పడుతుంది. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, ఇంకో మూడు గ్రంథాలయాలకూ సొంత ఖర్చుతో కాపీలు పంపాలి. అవి ఖర్చని వీళ్లు ఎన్నడూ అనలేదు, పుస్తకం అక్కడ భద్రంగా ఉంటుందని సంతోషమే. కానీ 2024 డిసెంబర్ 18న పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ ఆపేసినప్పుడు మాత్రం నిజంగా టెన్షన్ పడ్డారు. ఊళ్లలో ఉండే పాఠకుడు ఒక్క పుస్తకం అడిగితే పుస్తకం ఖరీదులో సగం పంపడానికే అయ్యే పరిస్థితి. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ అనే సేవ వచ్చింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకు వంద, పైన పన్ను. కాస్త ఊపిరి పీల్చుకున్నారు.

ఇదేమీ మనకు కొత్త సంగతి కాదు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు వేయడంతో ఊరుకోలేదు, వాటిని తానే మోసుకుని తిరిగి అమ్మారు. ఈ హనుమకొండలోనే 1904లో రాజరాజ నరేంద్ర భాషానిలయం అనే గ్రంథాలయం పెట్టారు, 1966లో వరంగల్ నుంచి 'సృజన' సాహిత్య పత్రిక మొదలైంది. ఏ ఒక్కదాని వెనకా పెద్ద పెట్టుబడి లేదు, సాయంత్రాలూ సెలవు రోజులూ ఇచ్చిన మనుషులున్నారు. ఆనాటి వాళ్లను మీ పత్రిక జయంతులకూ వర్ధంతులకూ గుర్తు చేస్తుంది, సంతోషం. ఈనాటి వాళ్లు బతికి, పనిచేస్తూ ఉండగా రాయాలని నా కోరిక.

నేను అడిగేది పెద్దదేం కాదు. పుస్తకం తెరిస్తే రెండో పేజీలో డీటీపీ ఎవరు, కవర్ ఎవరు, ప్రూఫులు ఎవరు చూశారో ఉంటుంది. వెల పక్కన ఆ పేర్లకు ఒక్క లైను ఇవ్వండి. నెలకు ఒకసారి ఒక చిన్న ప్రచురణకర్తను కలిసి రాయండి. వరంగల్‌లో దొరుకుతారు, కరీంనగర్‌లో దొరుకుతారు, కొంచెం వెతికితే జిల్లాకొకరు దొరుకుతారు.

అట్లాగే మీ విలేకరులు ఒక విషయం ఆరా తీయాలి. మనం కట్టే ఇంటి పన్ను మీద వందకు 8 రూపాయలు గ్రంథాలయ పన్ను ఉంది. మున్సిపాలిటీలు వసూలు చేసిన ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఎంత చేరుతోంది, అందులో కొత్త పుస్తకాలకు ఎంత పోతోంది, ఈ జిల్లాలోనే అచ్చు వేయించిన పుస్తకాలు ఈ జిల్లా గ్రంథాలయాల్లో ఎన్ని ఉన్నాయి? జిల్లాలవారీగా లెక్క తీసి వేస్తే, ఎక్కడ ఎవరిని అడగాలో మాలాంటి పాఠకులకు తెలుస్తుంది. అడగడానికి మేం సిద్ధం.

ఇట్లు
ఒక పాఠకురాలు, హనుమకొండ