కివీ అంటే సరిపోదు, ఏ కివీయో రాయండి

సంపాదకుల గారికి,

కివీ పండు మీద పత్రికల్లో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. విటమిన్-సి ఎంత ఉంటుందో, రోజుకు ఎన్ని తినాలో వాటిలో చదువుతున్నాం. మొక్క ఆడదా మగదా, పండు ఆకుపచ్చ రకమా బంగారు రకమా, కాయ కోతకు వచ్చిందని ఎలా తేల్చుకోవాలి అన్నవి మాత్రం చాలాసార్లు కనిపించవు. పెంచేవాళ్లు దెబ్బతినేదీ, తినేవాళ్లు ఒక్క ముక్క కొరికి "అబ్బ, పులుపు" అని పక్కన పెట్టేదీ సరిగ్గా వీటి దగ్గరే. ఇకమీద కివీ గురించి రాసినప్పుడల్లా ఈ మూడు వివరాలూ ఇవ్వమని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. ఈ తీగ పుట్టిల్లు చైనా. అక్కడ దీన్ని మిహౌతావో అంటారు, అంటే కోతి పీచ్ పండు అని. 1904లో ఇసబెల్ ఫ్రేజర్ అనే ప్రధానోపాధ్యాయురాలు చైనా నుంచి న్యూజిలాండ్‌లోని వాంగనూయీకి గింజలు తీసుకెళ్లారు. ఆ గింజల నుంచి పెరిగిన తీగలు 1910లో తొలి కాపు కాశాయి. అక్కడివాళ్లు ఆ పండును చైనీస్ గూస్‌బెర్రీ అని పిలిచారు. 1959లో టర్నర్స్ అండ్ గ్రోయర్స్ అనే ఎగుమతి సంస్థ అమెరికా మార్కెట్ కోసం పేరు మార్చాలనుకుంది. మొదట మెలొనెట్ అన్నారు, అంటే చిన్న పుచ్చ అని. పుచ్చ జాతి పండ్ల మీదా, బెర్రీల మీదా అక్కడ సుంకం ఎక్కువని తెలిసి దాన్ని వదిలేసి, తమ దేశపు పక్షి పేరు పెట్టారు. న్యూజిలాండ్‌లో ఈనాటికీ కివీ అంటే ఆ పక్షి, లేదంటే ఆ దేశపు మనిషి. పండును కివీఫ్రూట్ అనే అంటారు. కాబట్టి మనం "కివీ పండు" అనడం నూటికి నూరుపాళ్లు సరైన మాట. పాత ఇంగ్లిష్ పేరు చూసి "చైనా ఉసిరి" అని తెలుగు చేస్తే మాత్రం ఒక్క మాటలో రెండు తప్పులు. ఇది గూస్‌బెర్రీ కుటుంబమూ కాదు, ఉసిరి కుటుంబమూ కాదు. దీని కుటుంబం వేరు, ఆక్టినిడియేసీ.

ఆ ఒక్క పేరు కింద మూడు రకాల తీగలున్నాయి. ముతక నూగు, ఆకుపచ్చ గుజ్జు ఉన్నది డెలిసియోసా. న్యూజిలాండ్ నర్సరీదారు హేవర్డ్ రైట్ ఎంపిక చేసిన హేవర్డ్ ఈ జాతిదే, ఆకుపచ్చ కివీల్లో అన్నిటికన్నా పేరున్నది కూడా ఇదే. పలుచని నూగు, పసుపు గుజ్జు ఉన్నది చైనెన్సిస్. మూడోది అర్గుటా. పెద్ద ద్రాక్షంత కాయ, నూగు ఉండదు, తొక్కతో సహా నోట్లో వేసుకోవచ్చు. వీటి పూత కాలం, చలి అవసరం, తెగుళ్లకు తట్టుకునే శక్తి అన్నీ వేరువేరు. 2010లో న్యూజిలాండ్‌లో పీఎస్ఏ అనే బాక్టీరియా తెగులు బయటపడినప్పుడు హార్ట్16ఏ అనే బంగారు రకం తోటలు కూలిపోయాయి. హేవర్డ్ తోటలు చాలావరకు నిలబడ్డాయి. తర్వాత బంగారు తోటల్లో గోల్డ్3 రకాన్ని అంటుకట్టి మళ్లీ లేపారు. "కివీకి తెగులు" అని రాస్తే ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది?

ఇక అసలు విషయం, ఆడ మగ తేడా. కివీలో ఆడ పూలు ఒక తీగకు, మగ పూలు వేరే తీగకు పూస్తాయి. పువ్వు విప్పి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. ఆడ పువ్వు నడుమ తెల్లటి కీలాలు ముప్పైకి పైగా, గొడుగు ఊచల్లా చుట్టూ విచ్చుకుని ఉంటాయి. వాటి కింద నూగుతో గుండ్రటి చిన్న పిందె అప్పటికే కనబడుతుంది. మగ పువ్వులో ఆ ఊచలూ ఉండవు, పిందే ఉండదు, పసుపు కేసరాల కుచ్చు మాత్రమే. చాలామంది మోసపోయేది ఆడ పువ్వు దగ్గర. అందులోనూ కీలాల చుట్టూ పసుపు కేసరాలుంటాయి, పొడి కూడా రాలుతుంది. ఆ పొడిలో జీవం ఉండదు. ఒంటరి ఆడ తీగ పందిరి నిండా పూసి, పూలన్నీ రాల్చేసి ఊరుకోవడానికి కారణం ఇదే. జెన్నీ, ఇస్సై లాంటి కొన్ని రకాలు ఒంటరిగానూ కాస్తాయి కానీ వాటి కాయ చిన్నది.

తిన్న పండులోంచి గింజ తీసి మొలిపించుకోమని చెప్పేవాళ్లు ఇంకో సంగతి చెప్పడం మరిచిపోతారు. గింజ సులువుగానే మొలుస్తుంది. కానీ అది ఆడదో మగదో పూసేదాకా బయటపడదు, పూయడానికి ఐదారేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. వచ్చిన మొలకల్లో సగం మగవే. ఆడది దక్కినా తల్లి పండు లక్షణం వస్తుందన్న నమ్మకం లేదు. అంటుమొక్క అయితే మూడు నాలుగేళ్లకు కాపు మొదలవుతుంది, రకమూ లింగమూ ముందే తెలుస్తాయి. చీటీ మీద ఆ రెండూ రాసి లేని మొక్క కొనకపోవడమే మేలు.

ఎనిమిది ఆడ తీగలకు ఒక మగ తీగ అన్నది పాత లెక్క. ఇప్పుడు ఐదారింటికి ఒకటి పెట్టేవాళ్లూ ఉన్నారు. లెక్క కన్నా ముఖ్యం, రెండూ ఒకే వారంలో పూయాలి. బంగారు రకాలు ఆకుపచ్చవాటికన్నా ముందే పూస్తాయి కాబట్టి ఒకదానికి ఉన్న మగ తీగ రెండోదానికి పనికిరాదు. ఇంకో చిక్కు తేనెటీగలతో. కివీ పువ్వులో మకరందం లేదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. పక్కన తేనె ఉన్న పువ్వు ఏది విచ్చుకున్నా ఈగలు అటే పోతాయి. అందుకే తేనెపెట్టెలు ముందుగా తెచ్చి పెట్టరు. ఆడ పూలు పదోవంతు విచ్చాకే తెస్తారు. నాలుగైదు తీగలున్న ఇంట్లో అయితే చేత్తోనే చేసుకోవచ్చు. ఉదయం పూట అప్పుడే విచ్చిన మగ పువ్వు కోసి, దాని కేసరాలను ఐదారు ఆడ పూల కీలాల మీద మెల్లగా తిప్పి రుద్దాలి. ఆడ పువ్వు రేకులు తెల్లగా ఉన్నప్పుడే ఆ పని కావాలి. మీగడ రంగుకు తిరిగాక అదను దాటినట్టే. బాగా పెరిగిన హేవర్డ్ కాయలో వెయ్యికి పైగా గింజలుంటాయి. పుప్పొడి చాలకపోతే గింజలు తగ్గి, కాయ చిన్నదై, ఒక పక్క నొక్కుకుపోయి వంకరగా తయారవుతుంది. ఆ వంకర చూసి ఎరువు వేస్తే ప్రయోజనం ఉండదు.

పూతే రాకపోతే చూడాల్సింది చలికాలాన్ని. హేవర్డ్‌కు ఏడు డిగ్రీలకు దిగువన సుమారు 700 నుంచి 800 గంటల చలి కావాలి. అది చాలని చోట ఆకులు ఏపుగా వస్తాయి, మొగ్గ రాదు. మంచుతోనూ ఇదే తీగకు రెండు రకాల లెక్క ఉంది. ఆకు రాల్చి నిద్రపోతున్నప్పుడు సున్నాకు చాలా కిందికి పోయినా ఓర్చుకుంటుంది. వసంతంలో లేత చిగురు వేశాక మాత్రం సున్నాకు రెండు డిగ్రీలు తగ్గితే చాలు, చిగురుతో పాటు ఆ ఏటి కాపూ పోతుంది. గాలి ఎక్కువైన చోట లేత కొమ్మలు మొదలు దగ్గరే విరుగుతాయి, గాలికి అడ్డుగా చెట్లు నాటాలి.

వేళ్లు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి, ఆకులు వెడల్పు. ఎండలో ఒక్కరోజు తడి తప్పితే తీగ వాడిపోతుంది. అలాగని మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే వేరుకుళ్లు పట్టి కొన్ని రోజుల్లోనే చస్తుంది. మట్టి పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. ఏడు దాటితే ఇనుము అందక, ఈనెలు ఆకుపచ్చగానే ఉండి ఆకు పసుపెక్కుతుంది.

పందిరి ఎత్తు 1.8 మీటర్లు ఉంటే కింద నిలబడి పని చేసుకోవచ్చు. నిటారుగా ఒక కాండం, పైన కట్టిన ఇనుప తీగ వెంట అటొకటి ఇటొకటి రెండు చేతుల్లాంటి కొమ్మలు. ఈ మొక్క గుంజకైనా ఇనుప తీగకైనా మెలికలు వేసుకుని పాకాలని చూస్తుంది. పాకనివ్వకూడదు. మెలిక పడిన కాండం లావెక్కే కొద్దీ తనను తానే బిగించుకుంటుంది, తర్వాత విప్పలేం. వారం వారం విప్పి, మెత్తటి తాడుతో వదులుగా కట్టాలి.

కత్తిరింపులో ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. నిరుడు పెరిగిన కొమ్మ మీద ఈ ఏడు వచ్చే చిగురులోనే, దాని మొదటి కొన్ని కణుపుల దగ్గరే పూత వస్తుంది. ముదురు కొయ్య మీద రాదు. కాబట్టి చలికాలంలో కాసిన కొమ్మలు తీసేసి, ఆ రెండు చేతుల మీద జానెడున్నర దూరానికి ఒకటి చొప్పున నిరుటి కొమ్మలు ఉంచాలి. ఈ పని తీగలో రసం ఎక్కకముందే ముగించాలి, ఆలస్యమైతే కోసిన చోటు నుంచి రోజుల తరబడి నీరు కారుతుంది. మగ తీగను మాత్రం చలికాలంలో గట్టిగా కొట్టకూడదు, పూలన్నీ పోతాయి. పూత అయిపోయిన వెంటనే దాన్ని కత్తిరించాలి.

కోతకు వచ్చేసరికి కంటికి తెలియదు. హేవర్డ్ పచ్చిగా ఉన్నా, కోతకు వచ్చినా తొక్క రంగు మారదు, కాయ రాయిలాగే ఉంటుంది. అందుకే రసంలో చక్కెర కొలుస్తారు. న్యూజిలాండ్‌లో హేవర్డ్‌కు పాటించే కనీస కొలత 6.2 బ్రిక్స్. దానికన్నా ముందు కోసిన కాయ మెత్తబడుతుంది కానీ తీపి రాదు, నిల్వా ఉండదు. కొలిచే పరికరం లేకపోతే రెండు కాయలు కోసి లోపల గింజలు పూర్తిగా నల్లబడ్డాయో లేదో చూడాలి. ఇంకో రెండింటిని అరటిపండుతో కలిపి వారం మాగబెట్టి రుచి చూడాలి. తీపి వస్తే మిగతావి కోయవచ్చు. కాయను కొద్దిగా వంచితే తొడిమ తీగకే ఉండిపోయి కాయ చేతికొస్తుంది.

తినేవాళ్లకు చెప్పాల్సింది కూడా ఇక్కడే ఉంది. గట్టి కాయను కోసుకుని పులుపని తిట్టడం న్యాయం కాదు, అది ఇంకా మాగలేదు. ఆపిల్‌తోనో అరటిపండుతోనో కలిపి కాగితం సంచిలో మామూలు గది వేడిలో మూడు నుంచి ఐదు రోజులు ఉంచితే, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు దీన్ని మాగబెడుతుంది. బొటనవేలితో మెల్లగా నొక్కితే పండిన మామిడిలా కొద్దిగా లోపలికి పోవాలి. ఎక్కువ రోజులు నిల్వ ఉంచాలంటే దీనికి పూర్తి విరుద్ధం. ఫ్రిజ్‌లో పెట్టాలి, ఆపిల్ దగ్గరికి రానివ్వకూడదు.

ఆకుపచ్చ కివీలో ఆక్టినిడిన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ప్రోటీన్లను విరిచేస్తుంది. పచ్చి ముక్కలు వేస్తే జెలటిన్ జెల్లీ గట్టిపడదు. పాలలో, పెరుగులో కలిపి ఉంచితే చేదెక్కుతాయి. ముక్కల్ని కొన్ని నిమిషాలు ఉడికిస్తే ఎంజైమ్ పోతుంది. పెరుగులోకైతే వడ్డించే ముందు కలపడమే మంచి పద్ధతి. మాంసానికి పట్టించినా అంతే, ఎక్కువసేపు ఉంచితే పిండిలా అయిపోతుంది. బంగారు రకాల్లో ఈ ఎంజైమ్ బాగా తక్కువ. వంట పేజీలో "కివీ ముక్కలు" అని రాస్తే ఏవి వేయాలో తెలియని చిక్కు ఇదే.

నాలుక చురచురలాడటానికి కారణం గుజ్జులోని కాల్షియం ఆక్సలేట్ సూది స్ఫటికాలు. కొద్దిసేపటికి తగ్గిపోతుంది. పెదాలు ఉబ్బినా, గొంతు బిగిసినట్టున్నా, దద్దుర్లు లేచినా అది అలర్జీ. రబ్బరు పాలతో చేసిన చేతితొడుగులు పడనివాళ్లలో కొందరికి ఈ పండూ పడదు. పిల్లలకు మొదటిసారి ఒక చిన్న ముక్క పెట్టి చూడాలి. ఊపిరి ఆడటం కష్టమైతే ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విటమిన్-సి అంకె అచ్చువేసిన ప్రతిసారీ ఈ నాలుగు మాటలూ దాని పక్కనే అచ్చువేయండి.

ఇట్లు,
ఉద్యాన పంటలు తెలిసిన ఒక పాఠకుడు