బటన్ ఫోను వాడేవారి మాటగా టెలికాం శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన టెలికాం శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

ఆరేళ్లుగా నేను బటన్ ఫోనే వాడుతున్నాను. మా అమ్మ చేతిలోనూ అలాంటిదే ఉంది. పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని పనిచేసే నాకు, జేబులో మాట్లాడుకోవడానికి ఒక సాధనం ఉంటే చాలనిపించి ఇష్టపడి తీసుకున్నాను. అమ్మ సంగతి వేరు. ఆమెకు చూపు తగ్గింది. నున్నటి అద్దం మీద వేలు ఎక్కడ ఆనించాలో ఆమెకు తెలియదు. ఇలా కావాలని వాడేవారు కొందరైతే, ఇది తప్ప మరో దారి లేక వాడేవారు చాలామంది ఉన్నారు. మీ శాఖ తీసుకునే నిర్ణయాలు మా అందరి మీదా పడతాయి కనుక, ఇన్నేళ్ల వాడకంలో ఈ ఫోనులో నాకు కనిపించిన మంచినీ, మేము పడిన ఇబ్బందినీ మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. ఇబ్బందులను ఒక్కొక్కటే పట్టి చూసినప్పుడు వాటిలో ఫోను తయారీ వల్ల వచ్చినవి తక్కువేననీ, దాని చుట్టూ ఉన్న సేవలు, నెట్‌వర్క్‌లు, నిబంధనల వల్ల వచ్చినవే ఎక్కువనీ నాకు అర్థమైంది. రిపేరు చేసేవారు సరిచేయగలిగిన సంగతులైతే మీకు రాసేవాణ్ణి కాదు.

ముందు బ్యాటరీ గురించి చెబుతాను, ఎందుకంటే బటన్ ఫోను వాడేవారిని ఎవరిని అడిగినా మొదట చెప్పేది అదే. నా ఫోనులో ఉన్నది 1,000 ఎంఏహెచ్ బ్యాటరీ. ఇప్పటి స్మార్ట్ ఫోన్లలో దీనికి నాలుగైదు రెట్ల బ్యాటరీ ఉన్నా రాత్రయ్యేసరికి ఛార్జర్ కోసం వెతుక్కోవలసి వస్తుంది; నేను రోజుకు ముప్పావుగంట మాట్లాడినా ఒకసారి పెట్టిన ఛార్జింగు నాలుగు రోజులు వస్తుంది. చిన్న తెర, అదీ ఎప్పుడూ వెలుగుతూ ఉండదు. తెర వెనక నడిచే యాప్‌లు లేవు. కాల్ లేనప్పుడు ఫోను దాదాపు నిద్రలోనే ఉండి, టవర్ నుంచి పిలుపు వచ్చిందేమోనని మధ్యమధ్య లేచి చూసుకుంటుంది. 2003లో వచ్చిన నోకియా 1100 కూడా ఇలాగే 850 ఎంఏహెచ్ బ్యాటరీతో రోజుల తరబడి నడిచేది, నెత్తిన ఒక టార్చిలైటుతో సహా; ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఫోను అది. గాలివాన వచ్చి వెళ్లాక రెండు రోజులు కరెంటు రాని చోట, ఇంట్లో ఇంకా మోగే ఫోను ఏదని చూస్తే ఇలాంటిదే కనిపిస్తుంది.

మూడేళ్లు వాడాక నా ఫోను వెనక మూత సరిగా పట్టడం మానేసింది. బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టి వేలితో తిప్పితే బొంగరంలా గిరగిరా తిరిగింది. అంటే మధ్యలో ఉబ్బిందన్నమాట. కొత్తది తెచ్చి నేనే మార్చుకున్నాను, రెండు నిమిషాల పని. ఉబ్బిన బ్యాటరీ స్మార్ట్ ఫోనులో ఉంటే అది లోపల జిగురుతో అతికి ఉంటుంది, మన చేతులతో తీసేది కాదు. 2023లో యూరోపియన్ యూనియన్ చేసిన బ్యాటరీల చట్టం, పరికరాల్లోని చిన్న బ్యాటరీలను వాడేవారే తీసి మార్చుకునే వీలుండాలన్న నిబంధనను కొన్ని మినహాయింపులతో 2027 ఫిబ్రవరి నుంచి అమల్లోకి తెస్తోంది. బటన్ ఫోనులో ఆ వీలు మొదటి నుంచీ ఉంది. బ్యాటరీ బయటకు తీసినప్పుడల్లా తేదీ, సమయం చెరిగిపోవడం మాత్రం ఒక లోపమే. మళ్లీ పెట్టడం మరచిపోతే ఆ తర్వాతి కాల్స్ అన్నీ ఏవో పాత తేదీలతో నమోదవుతాయి. దానితో సర్దుకుపోవచ్చు.

అమ్మ ఫోను చేసే తీరు మీరు ఒకసారి చూడాలి. 5 అంకె ఉన్న మీట మీద చిన్న బుడిపె ఉంటుంది. రాత్రిపూట లైటు వేయకుండానే దిండు పక్కనున్న ఫోను అందుకుని, బొటనవేలితో ఆ బుడిపెను తడిమి పట్టుకుని, అక్కడి నుంచి పైకి ఒకటి, పక్కకు ఒకటి అని లెక్కపెట్టుకుంటూ నా నంబరు కొడుతుంది. ఒక్కో మీట నొక్కినప్పుడు వచ్చే శబ్దాన్ని బట్టి అంకె తప్పిందో లేదో పోల్చుకుంటుంది. ఆమె ఫోను మీద 2, 0 అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి, ఆ సంగతి ఆమెకు నేను చెప్పేదాకా తెలియదు. కళ్లతో పనిలేకుండా వాడుకోగలగడం ఈ ఫోనుకున్న అన్ని గుణాల్లోకీ గొప్పదని నా అభిప్రాయం. దీని విలువ ఆమెను చూశాకే నాకు తెలిసింది.

అయితే చూపు తగ్గినవారికి చేసిన ఈ మేలు చెవి తగ్గినవారికి అందలేదు. మా పెదనాన్నగారు వినికిడి యంత్రం పెట్టుకుంటారు. 2జీ మీద, అంటే రెండో తరం పాత నెట్‌వర్క్ మీద నడిచే బటన్ ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే ఆయనకు మాటల కంటే ముందు జుయ్యిమనే రొద వినిపిస్తుంది. 2జీ ఫోను తన సంకేతాన్ని ఏకధాటిగా పంపదు, సెకనుకు దాదాపు 217 సార్లు తునకలు తునకలుగా పంపుతుంది. ఆ అదురును వినికిడి యంత్రంలోని సర్క్యూటు పట్టుకుని రొదగా మారుస్తుంది. ఏ మోడలు వినికిడి యంత్రంతో పొసగుతుందో పెట్టె మీదే రాసి ఉంటే ఆయన రెండు ఫోన్లు కొని రెండూ పక్కన పెట్టవలసి వచ్చేది కాదు.

ఇక సందేశాల దగ్గరకు వస్తాను. అన్నింటికంటే ఎక్కువ బాధ పడేది ఇక్కడే. ఒక ఎస్సెమ్మెస్‌లో ఉండే చోటు 140 బైట్లు, అంటే 1,120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు చాలు కనుక ఆ చోటులో 160 అక్షరాలు పడతాయి; మన లిపికి పదహారు బిట్లు కావాలి కనుక 70 మాత్రమే పడతాయి. పైగా ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘స్త్రీ’ అని మనం ఒకే అక్షరంగా రాసేది అక్కడ ఆరు స్థానాలు తీసుకుంటుంది: సకారం, పొల్లు, తకారం, మళ్లీ పొల్లు, రకారం, ఆపైన గుడిదీర్ఘం. మొత్తం 70 దాటితే సందేశం ముక్కలవుతుంది, అప్పుడు ముక్కకు 67 స్థానాలే మిగులుతాయి. అందుకే పంపేవారు చాలామంది తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపుతారు, అది చదవడానికి వేరే ఓపిక కావాలి. ఒకవేళ తెలుగులోనే పంపినా నా ఫోనులో ఒత్తులు కిందకు దిగవు, పొల్లు తగిలించుకుని పక్కనే నిలబడతాయి. అమ్మ ఫోనులో అదీ లేదు, వరసగా డబ్బాలు కనిపిస్తాయి. ఒకరోజు ఆమెకు ఒక ఆసుపత్రి నుంచి సందేశం వచ్చింది. నేను ఇంటికి వచ్చేదాకా దాన్ని చెరిపేయకుండా ఉంచి, రాగానే చేతిలో పెట్టింది. నా ఫోనుకు పంపుకుని, ఒత్తులన్నీ కూడబలుక్కుని చదివితే, డాక్టరు గారు ఆ రోజు పొద్దుటికే సమయం మార్చారని ఉంది. తన భాషలో వచ్చిన కబురు తనకు అందక ఆమె ఆ రోజంతా డబ్బాలను చూస్తూ కూర్చుంది. అక్షరాలు సరిగా కూర్చి చూపించడం ఖరీదైన ఫోన్లకే సాధ్యమయ్యే పని కాదు. అందుకు కావలసిన ఫాంటును, కొద్దిపాటి సాఫ్ట్‌వేరును ఏ కంపెనీ అయినా ఫోనులో పెట్టగలదు. అమ్మే ప్రతి ఫోనూ స్థానిక లిపిని తప్పుల్లేకుండా చూపించి తీరాలని నిబంధన పెట్టి, అమ్మకానికి అనుమతి ఇచ్చే ముందు పరీక్షించి చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. పరీక్షకు ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘జ్ఞానం’ వంటి నాలుగు మాటలు పంపి చూస్తే చాలు.

ఇన్‌బాక్స్ నిండిపోవడం మరో బాధ. ఫోనులో కొన్ని వందల సందేశాలకే చోటుంటుంది, ప్రకటనలే దాన్ని నింపేస్తాయి. నిండాక కొత్తవి లోపలికి రావు, చోటు చేసేదాకా నెట్‌వర్క్ దగ్గరే ఆగి ఉంటాయి. ఎక్కువ రోజులు ఆగితే అవీ పోతాయి. ప్రకటనల సందేశాలు వద్దన్నవారికి నిజంగానే రాకుండా చూడటం స్మార్ట్ ఫోను వాడేవారికి సౌకర్యం కావచ్చు గానీ, మాకు అది అవసరమైన కబురు అందడానికీ అందకపోవడానికీ సంబంధించిన విషయం.

ఓటీపీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక ఆర్థిక సంస్థ హెల్ప్‌లైనుకు ఫోను చేశాను. రికార్డు చేసిన గొంతు, మీకు పంపిన ఆరు అంకెలు నొక్కండి అంది. సందేశం వచ్చినట్టు ఫోను చిన్నగా అదిరింది. కాల్ నడుస్తుండగా మెనూలోకి వెళ్లి, సందేశాలు తెరిచి, అందులో మొదటిది తెరిచాను. ముందు సంస్థ పేరు, తర్వాత ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరిక, ఆ తర్వాత ఏ పని కోసమో, అన్నింటికీ చివర అంకెలు. తెర మీద ఒకసారికి ఐదారు వరసలే కనిపిస్తాయి కనుక కిందకు జరుపుకుంటూ పోయి, అంకెలు బట్టీ పట్టి, మళ్లీ కాల్ తెరకు వచ్చేసరికి ఆ గొంతు సమయం మించిపోయిందని చెప్పి పెట్టేసింది. మూడుసార్లు ఇదే జరిగింది. నాలుగోసారి అమ్మ ఫోనుతో కాల్ చేసి, నా ఫోనులో అంకెలు చూసుకుని పని ముగించాను. అంకెలను సందేశం మొదట్లోనే పెట్టడానికీ, రికార్డు గొంతు మరో నిమిషం ఆగడానికీ పెద్ద ఖర్చేమీ కాదు. సందేశాల నమూనాలకు నియమాలు పెట్టే అధికారం ఉన్నవారు చెబితే ఇది వారాల్లో జరిగే పని.

యాప్ లేనిదే సేవ లేదన్న పరిస్థితి అన్నింటికంటే వేగంగా పెరుగుతోంది. దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవాలన్నా, వరసలో టోకెన్ తీసుకోవాలన్నా యాప్ దించుకోమంటున్నారు. వీటిలో చాలా పనులకు నక్షత్రం, హ్యాష్ గుర్తులతో కొట్టే యూఎస్ఎస్‌డీ కోడ్‌లు సరిపోతాయి. ఇంటర్నెట్ అక్కరలేదు, ఒకసారికి ఇంగ్లీషులో అయితే 182 అక్షరాల దాకా జవాబు వస్తుంది. కెన్యాలో ఫోను ద్వారా డబ్బు పంపుకునే ఎం-పెసా సేవ 2007లో మొదలైనప్పుడు జనం చేతుల్లో ఉన్నవి ఇలాంటి చిన్న ఫోన్లే. సిమ్‌లో పెట్టిన మెనూతోనే అక్కడివారు డబ్బు పంపుకోవడం అలవాటు చేసుకున్నారు. యూఎస్ఎస్‌డీకి ఇబ్బందులు లేకపోలేదు: ఆలోచించుకునేలోపే మెనూ మూసుకుపోతుంది, మళ్లీ మొదటి నుంచి రావాలి. ఆ గడువు కాస్త పెంచి, ప్రభుత్వం తరఫున మొదలయ్యే ప్రతి సేవకూ ఎస్సెమ్మెస్, యూఎస్ఎస్‌డీ, మామూలు ఫోను కాల్ ఈ మూడింటిలో కనీసం ఒకటైనా దారిగా ఉండాలని ఉత్తర్వు ఇవ్వమని నా విన్నపం.

నెట్‌వర్క్ మూసివేత గురించి రాయకపోతే ఈ లేఖ సగమే అవుతుంది. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా అనే టెలికాం కంపెనీ 2016 డిసెంబరులో 2జీని ఆపేసింది, సింగపూర్‌లో 2017 ఏప్రిల్‌లో మూడు కంపెనీలూ ఆపేశాయి. పాత నెట్‌వర్క్ పట్టుకున్న తరంగాలను కొత్తదానికి ఇస్తే ఎక్కువమందికి ఎక్కువ డేటా అందుతుంది, అందులో న్యాయం ఉందని ఒప్పుకుంటాను. భద్రత దృష్ట్యా కూడా 2జీకి ఒక పెద్ద లోటు ఉంది: టవర్ సిమ్‌ను గుర్తుపట్టి చూసుకుంటుంది గానీ, ఆ టవర్ అసలుదో నకిలీదో తేల్చుకునే వీలు ఫోనుకు లేదు. ఇద్దరూ ఒకరినొకరు సరిచూసుకోవడం 3జీతోనే వచ్చింది. కాబట్టి 2జీని ఎప్పటికీ ఉంచమని నేను అడగడం లేదు. మూసే రోజుకు చాలా ముందే చెప్పమనీ, 4జీ మీద మాట్లాడగలిగే బటన్ ఫోన్లు అందరికీ అందేదాకా ఆగమనీ మాత్రమే అడుగుతున్నాను. 4జీ అని పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. 2024 అక్టోబరులో ఆస్ట్రేలియా 3జీని మూసినప్పుడు, మామూలు కాల్స్ 4జీలో చేయగలిగినా అత్యవసర కాల్‌కు మాత్రం 3జీనే వెతుక్కునే ఫోన్లు కొన్ని ఉన్నాయని తేలింది. అలాంటి వాటిని నెట్‌వర్క్ నుంచి తొలగించవలసి వచ్చింది. ఆపదలో తప్ప బయటపడని లోపం అది. ఆ పరీక్ష ఫోను అమ్మకానికి రాకముందే జరగాలి. నెట్‌వర్క్ ఏదో, 4జీ మీద మాట పోతుందో లేదో, అత్యవసర కాల్ ఏ దారిన వెళుతుందో పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఒకే ఒక్క చిన్న విషయం మిగిలింది. టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతి 2జీ కాలం నుంచీ ఉన్నదే. అయినా నా ఫోనులో ఆ సెట్టింగు కొన్ననాటి నుంచీ ఆపి ఉంది, నాలుగు మెనూల లోపల ఉంది; అనుకోకుండా దొరికితే తప్ప వెతికినా కనిపించేది కాదు. అమ్మ ఫోనులో అసలు లేదు. ప్రమాదం వస్తే ముందుగా తెలియవలసినది ఆమెకే. కొత్త ఫోన్లలో ఆ సెట్టింగు కంపెనీ నుంచి వచ్చేటప్పుడే తెరిచి ఉండేలా చూడండి.

మీ శాఖ అధికారులు ఒక గంట సమయం ఇస్తే, నా ఫోనూ అమ్మ ఫోనూ తీసుకుని వస్తాను. మీరే తెలుగులో ఒక సందేశం పంపి, రెండు తెరల మీద అది ఎలా కనిపిస్తుందో చూడవచ్చు. అమ్మ కూడా వస్తానంది.

ఇట్లు,
విధేయుడు,
ఒక బటన్ ఫోను వినియోగదారుడు