గని గుట్టలన్నీ చదును చేయాలా?

సంపాదకునికి,

గని మూతపడగానే, అందులోంచి తవ్విపోసిన మట్టి గుట్టలను బుల్‌డోజర్‌తో చదును చేసి, వరుసల్లో మొక్కలు నాటడమే పునరుద్ధరణ అనుకుంటున్నాం. ఇది నాకు బాధ కలిగిస్తోంది.

చెక్ దేశంలోని సొకొలోవ్ బొగ్గు ప్రాంతంలో కొన్ని గుట్టలను పోసినవి పోసినట్టే ఎగుడుదిగుడుగా వదిలేశారు. గాలికి కొట్టుకొచ్చిన విత్తనాలు ఆ గుంటల్లో చిక్కుకున్నాయి, వాననీరూ అక్కడే నిలిచింది. రెండు మూడు దశాబ్దాల్లో విల్లో పొదలు గుబురుకట్టాయి, బిర్చ్, ఆస్పెన్ చెట్లు లేచాయి. తర్వాత వానపాములు చేరి, రాలిన ఆకును మట్టిలో కలిపి, ఆ గనిమట్టిని నేలగా మారుస్తున్నాయి. ఎవరూ నాటలేదు, నీళ్లు పోయలేదు.

అమెరికాలో 1977 గనుల చట్టం తర్వాత మట్టి కొట్టుకుపోకూడదని (ఉద్దేశం మంచిదే) భారీ యంత్రాలతో నేలను అణగదొక్కి, దట్టంగా గడ్డి పెంచారు. వేరు దిగని నేలలో చెట్టెలా ఎదుగుతుంది? అపలేచియా కొండల్లో ఇప్పుడు అలాంటి నేలనే మళ్లీ లోతుగా దున్ని అడవి పెంచుతున్నారు.

అన్నీ వదిలేయమని కాదు. కొన్ని గుట్టల్లో ఉండే పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజానికి గాలీ నీరూ తగిలితే ఆమ్లం ఊరుతుంది. విషలోహాలున్న చోట, జారే వాలున్న చోట మనిషి చేయి పడాల్సిందే. మిగతా చోట్ల, ముఖ్యంగా విత్తనాలు అందించే పాత అడవి పక్కనే ఉన్నచోట, ప్రకృతికే వదిలేయవచ్చు. గని తవ్వేముందు తీసిన పైమట్టిని మాత్రం ఏళ్ల తరబడి కుప్పపెట్టకుండా త్వరగా పరవాలి. ఆలస్యమైతే అందులోని విత్తనాలు చచ్చిపోతాయి. మొదట మొలిచిన పొదను పిచ్చిమొక్కని పీకేయకూడదు. గని మూసివేత ప్రణాళికల్లో ఇలా వదిలేసే భాగాన్ని కూడా స్పష్టంగా రాయాలని అధికారులకు నా విన్నపం.

– ఒక పాఠకురాలు