జాకెట్టు ముక్కతో మల్లెమొగ్గలు రావు

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలికి పదహారేళ్లు. ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు రాసి, వేసవి సెలవులకు హైదరాబాదు నుంచి రాజమహేంద్రవరంలో నా దగ్గరికి వచ్చింది. ఖాళీగా ఉండలేక పూలజడ కుట్టడం నేర్పమంది. అట్టముక్క మీద మల్లెమొగ్గలు వరుసలుగా పేర్చి, నడుమ కనకాంబరాలు వేసి బిగువుగా కుట్టడం రెండు వారాల్లో పట్టుబడింది.

పక్కవీధి పెళ్లికూతురికి కుట్టిన మొదటి జడకు అయిదు వందలు తీసుకుంది. కడియపులంకలో పూలకు 380, రానూపోనూ ఆటోకు 100, దారానికి, అట్టకు 20. కాగితం మీద లెక్క వేసుకుని, "అమ్మమ్మా, నాకేమీ మిగలలేదు" అంది. ఆ మాట తానుగా అనాలనే అంతవరకు నోరు కట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ముహూర్తం రోజున మొగ్గల ధర ఎంత ఎక్కుతుందో ముందే ఫోను చేసి కనుక్కోవడం, పూల డబ్బు ముందుగా పుచ్చుకోవడం ఎవరూ చెప్పకుండానే అలవాటు చేసుకుంది.

బేరం మాట్లాడినవాళ్లంతా డబ్బు ఇచ్చారు, ఒక దూరపు చుట్టం తప్ప. ఆవిడ కూతురి సీమంతానికి జడ కుట్టించుకుని, బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క చేతిలో పెట్టి పంపింది. "మన పిల్లే కదా" అట. జాకెట్టు ముక్కతో మల్లెమొగ్గలు రావు. మర్నాడు నేనే వెళ్లి అడిగి తెచ్చాను. మాటలు పడ్డాననుకోండి, పరవాలేదు.

ఎదురింటి మాస్టారు మాత్రం, పిల్లచేత పని చేయించడం నేరమన్నారు. 1986 నాటి చట్టాన్ని 2016లో సవరించాక పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. బడి అయ్యాక సొంత కుటుంబం పనిలో చేయి వేయడానికి మినహాయింపు ఉంది. పద్నాలుగు దాటి పద్దెనిమిది నిండనివారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మల్లెపూలలో ఉన్న ప్రమాదం సూది గుచ్చుకోవడమే. ఈ వయసువారిచేత దుకాణాల వంటి చోట్ల రాత్రి 7 తర్వాత, ఉదయం 8 లోపు పని చేయించరాదని కూడా అదే చట్టంలో ఉంది. మా గుమ్మంలో మీ పత్రిక వేసే కుర్రవాడు అయిదున్నరకే వస్తాడు. ఈ వాక్యం మీరు తీసేసినా నేనేమీ అనుకోను.

సెలవులు అయ్యేసరికి పదకొండు జడలకు ఖర్చులు పోను 5,450 రూపాయలు మిగిలాయి. అల్లుడుగారు ఫోను చేసి, ఆ డబ్బు తన ఖాతాకు పంపితే కాలేజీ ఫీజులో కలుపుతానన్నారు. ఆయన కట్టే ఫీజుకు ఇది సముద్రంలో కాకిరెట్ట. పిల్ల ముఖం చిన్నబోయింది. నీ పేరునే దాచుకుందువుగాని పదమని బ్యాంకుకు తీసుకువెళ్లాను. మైనరు కాబట్టి తండ్రి వచ్చి సంతకం పెట్టాలన్నారు. తల్లి వస్తే చాలదా అంటే, తండ్రే కావాలన్నారు.

పదేళ్లు నిండిన పిల్లలు తమంతట తామే పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవడానికి బ్యాంకులు అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. తల్లి సంరక్షకురాలిగా ఉండవచ్చని కూడా అందులోనే ఉంది. ఎంత సొమ్ము వరకు, ఏ షరతులతో అన్నది ఒక్కో బ్యాంకు నిర్ణయించుకుని, ఆ ఏడాది జూలై 1 నాటికి నిబంధనలు సరిచేసుకోవాలంది. ఆ 'వచ్చు' అన్న రెండక్షరాల దగ్గరే చిక్కంతా. కౌంటరు దగ్గర అమ్మాయికి ఈ సంగతే తెలియదు. లోపలి ఆఫీసరు, పై నుంచి తమకేమీ రాలేదన్నారు. బంగారం మీద అప్పిస్తామని మాత్రం గోడ నిండా రాసి ఉంది. దాని పక్కన, పద్దెనిమిదేళ్లలోపు వారికి తమ శాఖలో ఖాతా ఇస్తారో లేదో, ఇస్తే ఏ కాగితాలు తేవాలో తెలుగులో నాలుగు వరుసలు రాసి పెట్టమని బ్యాంకులవారిని అడుగుతున్నాను. కాదనదలిస్తే అదీ రాయవచ్చు. మరో బ్యాంకుకు వెళతాం.

ప్రస్తుతం ఆ డబ్బు మా బియ్యం డబ్బాలో ఉంది. దసరా సెలవులకు పిల్ల మళ్లీ వస్తుంది.

దయచేసి నా పేరు వేయవద్దు. అల్లుడుగారు మీ పత్రికే చదువుతారు.

— ఒక అమ్మమ్మ, రాజమహేంద్రవరం