బుకింగ్‌కీ బుకింగ్‌కీ మధ్య వ్యాన్‌ని ఒక రాత్రి ఎందుకు ఆపుతున్నామంటే

మా క్యాంపర్ వ్యాన్లు తరచూ తీసుకునే మీ అందరికీ,

ఇకనుంచి ఒకరు వ్యాన్ తిరిగిచ్చిన రోజే ఇంకొకరికి ఇవ్వం. ఆ రాత్రంతా మంచినీళ్ల ట్యాంకులో క్లోరిన్ నీళ్లు నిలవ ఉంటాయి. దీనివల్ల కొందరి బుకింగ్ తేదీలు మారాయి. వాళ్లకు ఫోన్ చేశాం, వద్దన్నవాళ్లకు డబ్బు మొత్తం తిరిగి ఇచ్చేశాం.

ట్యాంకులకు మేము వాడేది సువాసన, చిక్కదనం కోసం ఏమీ కలపని మామూలు లిక్విడ్ బ్లీచ్. ఏళ్లుగా ఒకే సరఫరాదారు దగ్గర కొంటున్నాం. ఈసారి వచ్చిన డబ్బాల మీద క్లోరిన్ 5 శాతం అని ఉంది. ఆ లెక్కన 100 లీటర్ల ట్యాంకుకు 100 మిల్లీలీటర్లు పోస్తే లీటరు నీటిలో 50 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. టెస్ట్ స్ట్రిప్ ముంచితే అందులో సగం కూడా చూపలేదు. ట్యాంకులో మురికి ఉంటే క్లోరిన్ దానికే ఖర్చయిపోతుంది కాబట్టి, శుభ్రమైన బకెట్లో అదే కొలతతో కలిపి మళ్లీ చూశాం. అక్కడా అంతే. బ్లీచ్ వేడికి, ఎండకి, నిలవ ఉన్నకొద్దీ బలం కోల్పోతుంది. మాకు అంటగట్టింది పాత సరుకు. తయారీ తేదీ ఉండాల్సిన చోట కొత్త లేబుల్ అంటించారు.

అడిగితే ఆయన అన్న మాట, "ఇంకాస్త ఎక్కువ పోసుకోండి." ఇన్నేళ్ల పరిచయం తర్వాత ఆ మాట ఇప్పటికీ మింగుడుపడటం లేదు. బలం ఎంతో తెలియనిదాన్ని ఎంత ఎక్కువ పోయాలి? తక్కువైతే పైపుల లోపలి జిగురు పొరలో సూక్ష్మజీవులు బతికే ఉంటాయి. మరీ ఎక్కువైతే రబ్బరు సీళ్లు, లోహపు భాగాలు పాడవుతాయి. మీరు పిల్లలకు పాలు కలిపేది ఆ నీళ్లతోనే! సరుకంతా వెనక్కి పంపేశాం, ఆయన దగ్గర ఇక కొనం. ఆ బ్లీచ్‌తో శుభ్రం చేసిన వ్యాన్ ఒక్కటి కూడా బయటికి వెళ్లలేదు.

కుళాయి మీద 'తాగడానికి కాదు' అని స్టిక్కర్ వేసి, నీళ్ల సీసాలు ఇస్తే పోతుంది కదా అని మావాళ్లే అన్నారు. ఖర్చు తక్కువ, బుకింగ్‌లు పోవు. నిద్ర పట్టకుండా ఆలోచించాను. కానీ పళ్లు తోముకునేది, కూరగాయలు కడిగేది ఆ నీళ్లతోనే. స్టిక్కర్ వాటిని ఆపుతుందా? మా కుళాయి నీళ్లు తాగొచ్చని మొదటి నుంచీ చెప్తున్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను.

నిజానికి క్లోరిన్ నీళ్లు 4 గంటలు ఉన్నా సరిపోతుంది. కానీ ముందు ట్యాంకు కడగాలి, ఫిల్టర్ తీసెయ్యాలి, హీటర్ ఆపి చల్లారనివ్వాలి, షవర్‌తో సహా ప్రతి కుళాయిలో, వేడి వైపూ చల్ల వైపూ, క్లోరిన్ వాసన వచ్చేదాకా నీళ్లు వదలాలి. తర్వాత ఆ వాసన పోయేదాకా నింపడం, ఖాళీ చేయడం. హడావిడి పడితే ముందు ఎగ్గొట్టేది ఈ కడిగే పనులే.

వ్యాన్ అప్పగించేటప్పుడు మీ ఎదురుగానే స్ట్రిప్ ముంచి చూపిస్తాం. దారిలో నీళ్లలో ఏదైనా వాసన వస్తే మాకు ఫోన్ చేయండి. మీ అంతట మీరు వెనిగర్ మాత్రం పోయొద్దు, అది బ్లీచ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. ట్యాంకు నింపాల్సి వస్తే తాగునీటి కుళాయి దగ్గరే, వ్యాన్‌లో ఇచ్చిన పైపుతోనే నింపండి. తోటకు నీళ్లు పెట్టే పైపు వాడొద్దు.