మత్స్యశాఖ మంత్రి గారికి: వేట నిషేధం 61 రోజుల్లో మా బోట్లకి లైఫ్ రాఫ్టులు పెట్టించండి

నమస్కారం మంత్రి గారూ,

నేను మర్చంట్ నేవీలో పనిచేస్తాను. మా ఇంట్లో మిగతా మగవాళ్ళంతా వేట మీదే బతుకుతారు. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వెళ్ళే సోనా బోట్లలో, అంటే చెక్క మరబోట్లలో, కొందరు కలాసీలు (బోటు పనివాళ్ళు), మా బాబాయి సరంగు (బోటు నడిపేవాడు). నేను పనిచేసే షిప్పు ఎంత పెద్దదైనా దానికి రెండు వైపులా తెల్లటి డబ్బాల్లో లైఫ్ రాఫ్టులు, అంటే ప్రమాదంలో గాలి నింపుకుని తేలే తెప్పలు, ఉంటాయి, అవి లేకుండా షిప్పు రేవు దాటడానికి ఒప్పుకోరు. ఆ షిప్పులో ఒక మూలంత చోటు కూడా లేని చెక్క బోటులో, ఎనిమిది పది మంది, పది పదిహేను రోజులు నడి సముద్రంలో ఉండే మావాళ్ళకి మాత్రం నేను ఎక్కిన ఏ బోటులోనూ రాఫ్టు కనబడలేదు. లైఫ్ జాకెట్లు ఉంటాయి. అవి మనిషిని తేలుస్తాయి అంతే, ఎండ నుంచి కాపాడవు, తాగడానికి నీళ్ళివ్వవు, పదిమందినీ ఒకచోట ఉంచవు.

2023 డిసెంబర్ 1న కాకినాడ తీరంలో భైరవపాలెం దగ్గర బోటుకి నిప్పంటుకుంటే 11 మందిని కోస్ట్ గార్డ్ కాపాడింది. 2024 ఏప్రిల్‌లో విశాఖకి 65 నాటికల్ మైళ్ళ దూరంలో, అంటే దాదాపు 120 కిలోమీటర్ల అవతల, ఇంకో బోటులో గ్యాస్ సిలిండర్ పేలింది. 9 మంది ఉన్నారు, కొందరికి ఒళ్ళు కాలింది, కొందరు నీళ్ళలోకి దూకారు, బోటు మునిగిపోయింది. పక్కన ఇంకో బోటు ఉంది కాబట్టి, కోస్ట్ గార్డ్ నౌక వీర వచ్చింది కాబట్టి వాళ్ళు ఒడ్డుకి చేరారు. ఆ పక్క బోటు లేకపోతే? కాలిన ఒంటితో ఉప్పునీళ్ళలో లైఫ్ జాకెట్ పట్టుకుని ఎన్ని గంటలు ఉండగలరో మీరే ఆలోచించండి.

ఇస్రో తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్లు (ఆపద కబురు పంపేవి), ట్రాన్స్‌పాండర్లు (బోటు ఎక్కడుందో తెలిపేవి) బోట్లలో పెడుతున్నారు, చాలా మంచిదే. 1554కి ఫోన్ చేస్తే కోస్ట్ గార్డ్ పలుకుతుంది, అదీ మంచిదే. కానీ కబురు అందాక నౌక రావడానికి గంటలు పడుతుంది, సముద్రం బాగోకపోతే ఇంకా ఎక్కువ. ఆ గంటలు మనిషి ఎక్కడ ఉండాలి అన్నదానికి మన దగ్గర జవాబు లేదు. అది అడగడానికే ఈ లేఖ.

ఒక భయం కూడా ఉంది, దాచకుండా చెప్తాను. రాఫ్టులు ఇవ్వాలని మీరు నిర్ణయిస్తే ఎవరో ఒకరు చవగ్గా ఏదో ఒకటి టెండర్‌లో పెట్టి, ఫొటోలు దిగి పంచేసి వెళ్ళిపోతారేమో అని. రాఫ్టు అలా పంచే వస్తువు కాదు. సరైనది కొనాలి, సరైన చోట బిగించాలి, ఏటా విప్పి చూడాలి, మనుషులకి నేర్పాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా అది బోటు మీద చోటు తినే డబ్బా మాత్రమే.

కొనేటప్పుడు మొదట మనుషుల లెక్క. పది మంది ఉండే బోటుకి పది మంది రాఫ్టే ఇవ్వండి. పెద్దదైతే ఇంకా మంచిది కదా అని పాతిక మందిది ఇస్తే లోపల బరువు చాలక గాలికి తిరగబడొచ్చు. సంచీలో వచ్చేవి వద్దు, అవి కేబిన్‌లో వలల కింద, డీజిల్ డబ్బాల వెనక పడి ఉంటాయి, పైగా చేపల నీళ్ళూ ఉప్పూ పట్టి పాడైపోతాయి. గట్టి ఫైబర్ డబ్బాలో వచ్చేదే కావాలి, దాన్ని కేబిన్ పైన పైకి అడ్డం లేని చోట పెట్టాలి. ట్రాలర్ (వల లాక్కెళ్ళే మరబోటు) మీద ఈ చోటు వెతకడం తేలిక కాదు, పైన తీగలు, తాళ్ళు, వల లాగే ఇనప కమానులు ఉంటాయి. రాఫ్టు పైకి తేలేటప్పుడు వాటిలో చిక్కుకుంటే అంతే. అందుకే ప్రతి బోటు దగ్గరికీ వెళ్ళి, సరంగుతో మాట్లాడి, అప్పుడు చోటు ఖరారు చేయాలి, ఆఫీసులో గీసిన బొమ్మ సరిపోదు.

రెండోది లోపలి సామాను. షిప్పుల రాఫ్టుల్లో ఏ ప్యాక్, బి ప్యాక్ అని రెండు రకాలు ఉంటాయి. బి ప్యాక్‌లో తాగే నీళ్ళు, తిండి ఉండవు, సిగ్నల్ రాకెట్లు సగమే. ఏ ప్యాక్‌లో మనిషికి లీటరున్నర నీళ్ళుంటాయి. మన బంగాళాఖాతంలో చలికి చచ్చిపోవడం కంటే ఎండకీ దాహానికీ ప్రాణం పోవడం ఎక్కువ, కాబట్టి నీళ్ళు తగ్గించి డబ్బు మిగల్చడం వద్దు. పైకప్పు ఉండాల్సిందే. చలి దేశాల కోసం చేసే మందపాటి అడుగు మనకి అంత అవసరం లేదని నా అభిప్రాయం, పొదుపు చేయాలంటే అక్కడ చేయండి.

మూడోది అందరూ వదిలేసేది. బోటు ఒక్కసారిగా మునిగితే రాఫ్టు విసిరే టైమ్ ఉండదు, అందుకే హైడ్రోస్టాటిక్ రిలీజ్ అని అరచేతిలో పట్టేంత పరికరం ఒకటి ఉంటుంది. నీళ్ళలో ఒకటిన్నర నుంచి నాలుగు మీటర్ల లోతుకి వెళ్ళగానే అది కట్టు తెంచుతుంది, డబ్బా పైకి తేలుతుంది, తాడు లాగబడి రాఫ్టు తెరుచుకుంటుంది, ఆ తర్వాత బలహీనమైన లింకు ఒకటి తెగి రాఫ్టు బోటు నుంచి విడిపోతుంది. తాడు ఆ లింకుకే కట్టాలి. జాగ్రత్త అనుకుని ఎవరైనా దాన్ని నేరుగా డెక్‌కి గట్టిగా ముడేస్తే, మునిగే బోటు తెరుచుకున్న రాఫ్టుని కూడా తనతో పాటు అడుక్కి లాక్కుపోతుంది. షిప్పుల్లో మాకు డ్రిల్లు చేయించేది ఇందుకే. ఈ పరికరాల్లో ఎక్కువ వాడే రకానికి ఆయుష్షు రెండేళ్ళే, తేదీ దాని మీదే ఉంటుంది. పండగకి బోటుకి రంగులేసేటప్పుడు దానికీ పూసేస్తే ఆ తేదీ కనబడదు, పరికరం పని చేస్తుందన్న నమ్మకమూ ఉండదు.

ఇక సర్వీసు. షిప్పు రాఫ్టుని 12 నెలలకి ఒకసారి గుర్తింపు ఉన్న సర్వీస్ స్టేషన్‌లో విప్పి, గాలి నింపి, గ్యాస్ సిలిండర్ తూచి, గడువు తీరిన రాకెట్లు, నీళ్ళు మార్చి మళ్ళీ మడుస్తారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం ఉన్న 61 రోజులూ, మరబోట్లన్నీ రేవులోనే కట్టేసి ఉంటాయి. ఇంజిన్ విప్పేది అప్పుడే, చెక్క మార్చేది అప్పుడే. రాఫ్టుల సర్వీసుకి అంతకన్నా మంచి సమయం లేదు, ఏడాదికి ఒక్కసారి సరిగ్గా సరిపోతుంది, బోటు ఒక్కరోజు వేట కూడా పోగొట్టుకోదు. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం హార్బర్లకి ఆ రెండు నెలలూ సర్వీసు వాళ్ళని రప్పించండి, లేదా రాఫ్టులన్నీ ఒకేసారి సేకరించి పంపించి తిరిగి తెప్పించండి. బోటుకి లైసెన్సు రెన్యువల్ చేసేటప్పుడు సర్వీసు కాగితం చూడండి. ఓనర్లు మొదట గొణుగుతారు, తెలుసు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో భద్రతా కిట్లకి సాయం ఉంది, మామూలు లబ్ధిదారులకి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకి 60 శాతం సబ్సిడీ అన్న పద్ధతీ ఉంది. మరబోట్ల రాఫ్టులకీ, ముఖ్యంగా ఏటా అయ్యే సర్వీసు ఖర్చుకీ ఆ దారిలోనో రాష్ట్రం వైపు నుంచో సాయం ఏర్పాటు చేయండి. ఒక్కసారి కొనిచ్చి వదిలేస్తే మూడో ఏడాదికి ఎవరూ సర్వీసు చేయించరు.

ఆ 61 రోజుల్లోనే నేర్పడం కూడా అయిపోవాలి. హాల్లో కూర్చోబెట్టి వీడియో చూపిస్తే చాలదు, హార్బర్ నీళ్ళలో చేయించాలి. షిప్పులకి ఇక పనికిరాదని తీసేసిన పాత రాఫ్టులు ట్రైనింగ్‌కి బాగా పనికొస్తాయి. తాడు సంగతే తీసుకోండి. డబ్బా నీళ్ళలో పడేశాక తాడు లాగాలి, అది కనీసం పదిహేను మీటర్లు ఉంటుంది, లాగుతుంటే వస్తూనే ఉంటుంది. కొత్తవాడు ఇది ఊడిపోయింది, పాడైపోయింది అనుకుని వదిలేస్తాడు. పూర్తిగా బిగిసేదాకా లాగి, అప్పుడు ఒక్క గట్టి గుంజు గుంజాలి. రాఫ్టు నిండాక వాల్వుల దగ్గర బుస్సుమని చప్పుడొస్తుంది, ఎక్కువైన గ్యాస్ బయటికి పోతోంది అంతే, చిల్లు పడిందని దూకేయకూడదు. తలకిందులుగా తెరుచుకుంటే గ్యాస్ సిలిండర్ ఉన్న వైపు నిలబడి, అడుగునున్న పట్టీ పట్టుకుని వెనక్కి వాలాలి. అది మీద పడుతుంది, భయపడకుండా కిందనుంచి ఈదుకుంటూ బయటికి రావాలి. బోటు కాలుతుంటే మంట గాలికి ఎటు పోతోందో చూసి రెండో వైపు విసరాలి. ఎక్కాక తాడు కోసేయడం, నీళ్ళలో కొట్టుకుపోకుండా పట్టి ఉంచే గుడ్డ లంగరు వేయడం, అలర్ట్ ట్రాన్స్‌మిటర్‌ని బోటులోనే వదలకుండా చేత్తో పట్టుకెళ్ళడం, నౌకో హెలికాప్టరో కనబడేదాకా రాకెట్లు కాల్చకపోవడం, ఇవన్నీ చేతులకి అలవాటు కావాలి, టెన్షన్‌లో బుర్ర పనిచేయదు.

ఇంకోటి నేర్పాలి, తొందరపడి బోటు వదలొద్దని. 1979లో బ్రిటన్ దగ్గర ఫాస్ట్‌నెట్ పడవ పందెంలో తుపాను వచ్చి 15 మంది పోటీదార్లు చనిపోయారు. అప్పుడు వదిలేసి దిగిపోయిన పడవలు 24, వాటిలో మునిగినవి 5 మాత్రమే. బోటు తేలుతున్నంతసేపూ బోటే మేలు, మంటో మునకో తప్పదన్నప్పుడే రాఫ్టు.

అమెరికాలో 1988లో ఫిషింగ్ బోట్ల భద్రతకి చట్టం తెచ్చి రాఫ్టులు, అలర్ట్ పరికరాలు, డ్రిల్లులు తప్పనిసరి చేశాక, అలస్కాలో బోట్లు మునగడం అంతగా తగ్గకపోయినా మనుషులు చావడం బాగా తగ్గింది. మన చెక్క బోట్లు మునగకుండా ఎవరూ ఆపలేరు, నేను ఒప్పుకుంటాను. 1996 నవంబర్‌లో కోనసీమ తుపానుకి సముద్రంలో ఉన్న ఎంతోమంది వేటగాళ్ళు తిరిగి రాని సంగతి ఆ తీరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు తుపాను కబుర్లు ముందే వస్తున్నాయి, కానీ గ్యాస్ పొయ్యికీ ఇంజిన్ మంటకీ అలాంటి హెచ్చరిక ఉండదు.

ఒడ్డునుంచి వెళ్ళే చిన్న ఫైబర్ తెప్పలకి రాఫ్టు పెట్టే చోటు లేదు, వాటికి వేరే ఏర్పాటు కావాలి, ఆ లేఖ ఇంకోసారి రాస్తాను. ప్రస్తుతానికి మరబోట్ల సంగతి చూడండి. ముందు ఒక్క హార్బర్‌లో కొన్ని బోట్లకి పెట్టించి ఒక ఏడాది గడిచాక ఎలా ఉన్నాయో విప్పి చూడండి. స్పెసిఫికేషన్ రాసే కమిటీలో ఇద్దరు సరంగుల్ని, షిప్పుల్లో పనిచేసిన ఒకరిని కూర్చోబెట్టండి. వచ్చే ఏప్రిల్ 15కి బోట్లు రేవు చేరేసరికి రాఫ్టులు జెట్టీ మీద సిద్ధంగా ఉండాలంటే టెండర్ పని ఈ నెలలోనే మొదలవ్వాలి.

ఇట్లు,
విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక వేటగాళ్ళ ఇంటి మనిషి